చెరువులో నేర్చుకున్నవాళ్లు

"ఈ పొద్దు ఆ పిల్ల యాడో ఒక కాడ గుద్దుతాది, చూస్తా ఉండు. పొద్దున్నుంచి నా కుడికన్ను అదురుతాండాది."

అంజనమ్మ ఆ మాట అన్నప్పుడు కారు ఇంకా వాకిట్లోనే ఉంది. లహరి తలుపైనా తియ్యలేదు. నరసింహప్ప బానెట్ ఎత్తి చెంబుతో రేడియేటర్‌లో నీళ్లు పోస్తున్నాడు. భార్య మాట విని చెంబు ఆపలేదు, తలా ఎత్తలేదు. పెళ్లయిన నాటినుంచీ ఆమె భయాలు అతనికి ఇంట్లో ఫ్యాను చప్పుడులాగా అలవాటైపోయాయి.

"గుద్దేదానికి ఈ ఊర్లో ఏముందే? ఉండేదే పిడికెడు ఇండ్లు," అన్నాడు.

"అందులో ఒకటి చాలదా?"

లహరి పకపకా నవ్వింది. జడను చున్నీ కిందికి తోసుకుని డ్రైవరు సీట్లో కూర్చుని, సీటును ముందుకు జరుపుకుంది.

సోమందేపల్లె దాటాక హైవే పక్కనున్న కార్ల కంపెనీలో ఆ పిల్లకు ఉద్యోగం. కంపెనీ బస్సు వచ్చి తీసుకుపోతుంది. పూటంతా కొత్త కార్ల తలుపుల్లోకి వైర్లు తొడిగి క్లిప్పులు నొక్కడం ఆమె పని. ఎన్ని తలుపులు బిగించిందో లెక్క లేదుగానీ ఒక్క కారునూ తోలిన పాపాన పోలేదు. తయారైన కార్లను లోపలినుంచి తోలుకొచ్చి బయట మైదానంలో వరుసగా నిలబెట్టే సెక్షన్ ఒకటుందనీ, అందులోకి అమ్మాయిలనూ తీసుకుంటున్నారనీ, వచ్చే నెలలో ఒక సోమవారం తోలించి చూస్తారనీ తెలిసిన రోజున అన్నం సగంలో లేచి వచ్చి తండ్రికి చెప్పింది. నరసింహప్ప మురిసిపోయాడు. ఎల్లెల్లార్ లైసెన్సు కూడా తనే దగ్గరుండి తీయించాడు. అంజనమ్మ మాత్రం ఆ రాత్రి దేవుడి పటం ముందు ఒక వత్తి ఎక్కువ వేసింది.

ఇంట్లో ఉన్నది పాత మారుతి. ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగంలో ఉన్న కొడుకు ప్రణీత్ బడికి పోయే రోజుల్లో హిందూపురంలో ఎవరో వాడి వదిలేస్తే కొన్నది. పాలరంగు పోయి ఎప్పుడో మజ్జిగ రంగుకు వచ్చింది. ఊళ్లో బండి తోలడం వచ్చిన ప్రతివాడూ దాంట్లోనే నేర్చుకున్నాడు, నేర్పింది నరసింహప్పే. అప్పట్లో చెరువు ఎండి ఇసుక మేటలేసి ఉండేది. చుట్టూ కట్ట, మధ్యలో ఎంత తిరిగినా ఎదురొచ్చేది లేని మైదానం. ఇప్పుడు కాలువ నీళ్లొచ్చి చెరువు నిండింది. అందుకని లహరికి తమ బీడు చేనులోనే నేర్పాడు. వేరుశనగ వేసి వేసి అదీ ఇసుకలాంటి నేలే. కొన్ని వారాలు చేనులో తిప్పాక, రోడ్డుమీదికి తేవడం ఇదే మొదటిసారి.

అంజనమ్మ వెనక సీట్లో ఎక్కింది. ఎక్కమని ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చుని ఊహించుకునేదానికన్నా కళ్లతో చూడటమే నయమని ఎక్కింది. ముందు సీటును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

ఊరి వీధి బాగానే దాటింది. పాల కేంద్రం దగ్గర రోడ్డు కాస్త పల్లానికి దిగుతుంది. ముందు ఒక ముసలాయన సైకిలు తోసుకుంటూ అడ్డంగా వచ్చాడు.

"కాలు తియ్యి," అన్నాడు నరసింహప్ప. "కాలు తియ్యి పాపా, తియ్యి, తియ్యి."

లహరి కాలు తీసింది. స్టీరింగ్ ఎడమకు తిప్పింది. బండి నిలబడుతుందని ఎదురుచూసింది. బండి నిలబడలేదు. నిదానంగా, ఎవరింటికో చుట్టపుచూపుగా పోతున్నట్టు పోయి, పాల కేంద్రం బండల అరుగుకు ముందు మూల తగిలించుకుని ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక పాలక్యాను దొర్లి మూత ఊడింది. లైటు పగిలింది. దాని పక్కన రేకు అరచెయ్యంత లోపలికి పోయింది. సైకిలు ముసలాయన వచ్చి, రేకును చూసి, లహరిని చూసి, సైకిలు తోసుకుంటూ పోయాడు. నరసింహప్ప దిగి బండి ముందు నిలబడ్డాడు. అతని మొహంలో కోపం లేదు, ఏమనాలో తోచకపోవడం మాత్రమే ఉంది.

ఆ కాస్త ఖాళీలోకి అంజనమ్మ మాట పడింది.

"తాళాలు తీసుకో. ఇంక చాలు. ఆ పిల్ల చేతికి మళ్లా ఇయ్యొద్దు."

నరసింహప్ప చెయ్యి చాపాడు. లహరి తాళం తీసి ఆ చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు తండ్రిని చూడలేదు, వెనక సీటువైపు చూసింది. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని, చిందిన పాలను దాటుకుంటూ ఇంటికి నడిచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచి తల్లితో మాట్లాడలేదు. అలిగి తినకపోవడం, తలుపులు దబదబా వెయ్యడం, అవేమీ లేవు. పెట్టింది తినేది. పిలిస్తే వచ్చేది. క్యారియరు ఇస్తే బ్యాగులో పెట్టుకునేది. మాట మాత్రం లేదు. అంజనమ్మకు తిట్టే కూతురైతే బాగుండేదనిపించింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే బాలప్ప, తిప్పేష్ వచ్చారు. బాలప్ప లారీ మీద బొంబాయి దాకా టమోటా లోడు తోలతాడు. తిప్పేష్ పెనుకొండలో అంబులెన్సు డ్రైవరు. ఇద్దరూ ఆ మారుతిలో నేర్చుకున్నవాళ్లే. ఏం జరిగిందో కనుక్కుని పోదామని వచ్చినవాళ్లు, వాకిట్లో బండి చుట్టూ తిరుగుతూ, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల్లాగా దాన్ని తడమడం మొదలుపెట్టారు.

"నాది యాడుంది?" బాలప్ప వెనకవైపు గొంతుక్కూర్చుని బంపరు సొట్ట మీద బొటనవేలితో రుద్దాడు. "ఆ, ఇదో. అట్లే ఉండాది నా తల్లి. తూము రాయికి గుద్దిందే."

"ముందుకు పోరా అంటే ఎనక్కి పోతివి," అన్నాడు నరసింహప్ప.

"నువ్వు మాత్రం ఏం తక్కువన్నా? బండి కొన్న రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి, ముందుకు పోనియ్యప్పా అంటే, రివర్సులో పోయి సొంత ఇంటి గోడకే గుద్దితివి. నిమ్మకాయలు ఒక్కటీ నలగలే."

"ఆ నిమ్మకాయల్తోనే మా అమ్మ ఆ పొద్దు చారు పెట్టింది," అన్నాడు నరసింహప్ప నవ్వుతూ.

"నా కత చెప్పు," అన్నాడు తిప్పేష్. "నేను గొర్రెల మందలోకి తోలలేదా? ఒక్కదానికన్నా తగల్లే. అవే సర్దుకోని దావ ఇచ్చినాయి. నాకంటే వాటికే బాగా తెలుసు డ్రైవింగు."

"అంబులెన్సు ఎక్కినాక గూడా జనం నీకు అట్లే దావ ఇస్తాండారు కదప్పా, మళ్లేం," అన్నాడు బాలప్ప.

అంజనమ్మ లోపల ఉగ్గాని కలుపుతోంది. నానిన బొరుగులు పిండి, తిరగమోతలో వేసి, పప్పులపొడి చల్లి, గరిటెతో కిందా మీదా తిప్పుతూ వాకిలి నవ్వుల్ని వింటోంది. గడప ఇవతల లహరి తన కంపెనీ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆ పిల్లకూ అన్నీ వినబడుతున్నాయి. ఇస్త్రీపెట్టె ఒకేచోట పోయి వస్తోంది.

"వీటన్నిట్లోకీ మన ప్రణీత్‌ది కదన్నా రాజా," అన్నాడు బాలప్ప. "అంత చెరువు. కట్ట నుంచి కట్టకు మనిషి కనపడడు. మధ్యలో ఒకే ఒక తుమ్మచెట్టు. దాన్నే ఎతుక్కోని పోయి గుద్దినాడు."

నరసింహప్ప కళ్లు తడిసేదాకా నవ్వాడు. "దాని సంగతి అడగొద్దు. ఒక పక్కంతా నుజ్జయిపోయింటే, బాగు చేపిద్దామన్నారు. నేనే వద్దంటిని. ఉండనీలే, పిల్లోడి గుర్తుగా ఉంటాది అంటిని."

అంజనమ్మ ఉగ్గాని, బజ్జీల ప్లేట్లు పట్టుకుని అప్పుడే గడప దాటింది.

"కొత్తది మాత్రం బాగు చేపించన్నా," అన్నాడు బాలప్ప ముందు మూల చూస్తూ. "మొగం మీద ఉండాది. చూసేదానికి బాగలే."

"రేపే ధర్మవరం షెడ్డుకు పంపిస్తా," అన్నాడు నరసింహప్ప.

అతను ఆ మాట మామూలుగానే అన్నాడు. అంజనమ్మ మాత్రం ప్లేట్లు ఇవ్వడం మరిచిపోయి నిలబడింది. లోపల ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది.

"ఇయ్యి వదినా, బజ్జీలు సల్లగయితాండాయి," అని బాలప్పే ప్లేటు అందుకున్నాడు. మిరపకాయ బజ్జీ కొరికి, నోరు ఊదుకుంటూ మళ్లీ మొదలెట్టాడు. "అన్న నేర్పేది ఎట్లుండేది రా తిప్పేషూ? నువ్వు చెప్పు."

తిప్పేష్ నడుము మీద చేతులు పెట్టుకుని నరసింహప్ప గొంతుతో అన్నాడు: "కాలు తియ్యి రా, కాలు తియ్యి. ఇసకే నిలబెడతాది, నీకెందుకురా తొందర."

అందరూ నవ్వారు.

"నవ్వుతారుగానీ," అన్నాడు బాలప్ప, "నేను మొట్టమొదట లారీ ఎక్కినప్పుడు ఏమైంది? తుంకూరు కాడ ముందర బండి నిలబడింది. నేను కాలు తీసి గమ్మున కూర్చున్నా, ఇసక నిలబెట్టినట్ల నిలబడతాది గదా అని. ఆడ ఇసక యాడుంది, తారురోడ్డు. పోయి ఆ బండి ఎనక ముద్దు పెట్టినా. ఓనరు నా ఈపు ఇమానం మోత మోగించినాడు. ఆ పొద్దు తెలిసింది అన్నా నాకు, బ్రేకు అనేది ఒకటి ఉండాదని."

"నాకూ అంతే," అన్నాడు తిప్పేష్. "చెరువులో నేర్చుకున్నోళ్లందరికీ అదే జబ్బు."

మళ్లీ నవ్వులు. అంజనమ్మ ఒక్కతే నవ్వలేదు. నిన్న వెనక సీట్లో తను విన్న మాట ఆమె చెవిలో మళ్లీ వినబడింది. కాలు తియ్యి పాపా, తియ్యి, తియ్యి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లహరి రెండో షిఫ్టుకు బస్సెక్కిపోయింది. మొగుడూ పెళ్లాం విత్తనం వేరుశనగ కాయలు ముందేసుకుని నడవలో కూర్చున్నారు. విత్తనం కాయను రాతికేసి కొట్టకూడదు, పప్పు చెదురుతుంది. ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కితే చిట్లుతుంది, అప్పుడు ఒలవాలి. అంజనమ్మ వేళ్లు చూడకుండానే ఆ పని చేసుకుపోతాయి. కాసేపటికి ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"పాపకు బ్రేకు ఎప్పుడు నేర్పినావు?"

"మొదటి రోజే చెప్పినా కదా. మధ్యలోది బ్రేకు అని."

"చెప్పినావు. తొక్కిచ్చినావా?"

నరసింహప్ప చేతిలోని కాయ చిట్లలేదు. ఇంకోసారి నొక్కాడు.

"చేన్లో ఆ పని రాలే. కాలు తీస్తే బండి అదే నిలబడుతుండె."

"నిన్న ఏమని అరిస్తివి?"

అతను కాయను వేళ్ల మధ్య తిప్పాడు.

"కాలు తియ్యి అంటివి. తీసింది. నాయన చెప్పినాడని తీసి, బండి నిలబడతాదని చూస్తా కూర్చున్నాది. నువ్వు ఆ పిల్లకు చెరువు నేర్పి రోడ్డు మీదికి తెస్తివి."

"సరే, నాదే తప్పు," అన్నాడు నరసింహప్ప విసుగ్గా. "తాళాలు తీసుకో అనింది ఎవరు? నేనా? నువ్వే కదా, ఆడ అందరి ముందర."

"నేనే."

"మళ్లా నన్నంటావే?"

అంజనమ్మ ఒలిచిన పప్పును చేటలోకి జార్చి, చేతులు దులుపుకుంది. ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే అతను తేలిగ్గా తీసుకునేవాడేమో.

"నాకు భయం. నాకు అన్నిటికీ భయమే. బస్సు లేటయితే భయం, ఫోను మోగితే భయం. నీకు తెలీంది కాదు. ప్రణీత్‌కు నేర్పేటప్పుడు వద్దని కాళ్లు పట్టుకుంటి. విన్నావా? బాలప్ప చేతికి బండి ఇయ్యొద్దంటి. నవ్వితివి. ఇన్నేండ్లలో నా భయాన్ని ఒక్క తూరి గూడా నువ్వు లెక్కపెట్టినోడివి కాదు. నిన్న ఒక్క తూరే ఎందుకు విన్నావు?"

నరసింహప్ప చేతిలోని కాయ చిట్లింది. అతను దాన్ని ఒలవకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి లేచి, మొహం కడుక్కుని వచ్చి, మళ్లీ కూర్చుని ఒలవడం మొదలుపెట్టాడు.

సోమవారం పొద్దున లహరి వాకిలి ఊడుస్తుంటే నరసింహప్ప చీపురు తీసుకుని పక్కన పెట్టాడు. బనీను జేబులోంచి తాళం తీశాడు.

"రా. ఈ పొద్దు బండి నడిపేది నేర్చుకోవద్దు. నిలబెట్టేది నేర్చుకుందాం."

లహరి నమ్మనట్టు చూసింది.

"షెడ్డుకు పంపడంలేదా నాయనా?"

"పంపను. లైటు మాత్రం ఏపించుకొస్తా. ఆ సొట్ట ఉండనీ." తాళం ఆమె చేతిలో పెట్టి అన్నాడు, "పాపా, నాకే రోడ్డు మీద నేర్పేది తెలీదు. ఇద్దరం కలిసి నేర్చుకుందాం."

ఆ వారమంతా పొద్దున్నే బండి బయటికి తీశారు. ఊరికీ హైవేకూ మధ్య ఎవరూ తిరగని తారురోడ్డు మీద కొంత దూరం పోవడం, బ్రేకు తొక్కి నిలబెట్టడం. మళ్లీ కొంత దూరం, మళ్లీ నిలబెట్టడం. మొదట్లో తొక్కితే ముగ్గురి తలలూ ముందుకు పోయి వెనక్కి వచ్చేవి. వెనక సీట్లో అంజనమ్మ నుదుటికి ఒకసారి సీటు అంచు తగిలి బొప్పి కట్టింది. "అబ్బ" అనబోయి పెదవి కొరికి పట్టుకుంది. నాలుగైదు రోజులు గడిచేసరికి, నీళ్లు నింపిన గ్లాసు పట్టుకున్నా తొణకనంత మెత్తగా ఆగడం వచ్చింది.

లహరి తండ్రితో మాట్లాడేది. గేరు గురించి, అద్దం గురించి, కంపెనీలో సూపర్‌వైజరు గురించి. తల్లితో మాత్రం అదే మౌనం. అంజనమ్మ తనకు తోచింది చేసింది. ఒక రోజు పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. ఒక రోజు తలకు నూనె పెడతానని గిన్నె పట్టుకుని వెళ్లి వెనక కూర్చుంది. లహరి తల వంచి పెట్టించుకుంది. నూనె ఇంకే దాకా రుద్దించుకుంది. లేచి వెళ్లిపోయింది. "చాలు" అన్న మాట కూడా లేదు. అంజనమ్మ నూనె చేతులు చీరకు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది. కూతురు గెలిచి ఆ సెక్షనుకు పోతుందా లేదా అన్న భయం ఒకటి. పోయినా, ఇట్లాగే మూగదానిలాగా పోతుందేమోనన్న భయం దానికన్నా పెద్దది.

ఆదివారం వచ్చింది. తెల్లవారితే టెస్టు. సాయంత్రం ముగ్గురూ బయల్దేరారు. పాల కేంద్రం అరుగు దగ్గర లహరి బండిని తనంతట తనే ఆపింది. అరుగుకూ బండికీ మధ్య జానెడు సందు. నరసింహప్ప తలుపు తీసుకుని దిగాడు.

"నేను పాల లెక్క చూసుకోని నడిచొస్తా. మీరు కట్ట మీద తిరిగి ఇంటికి పోండి."

"నువ్వు లేకుండానా?" అంది అంజనమ్మ.

"రేపు నేనుంటానా ఆడ?" అని అరుగెక్కి అటు తిరిగాడు.

అంజనమ్మ వెనకనుంచి దిగింది. ఇంటికి నడిచిపోవచ్చు. ఆ ఆలోచన ఒక్క క్షణం వచ్చి పోయింది. ముందు తలుపు తీసి, కూతురి పక్కన కూర్చుని, బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది. లహరి వంగి బెల్టు లాగి క్లిప్పు నొక్కింది. కంపెనీలో నొక్కి నొక్కి అలవాటైన వేలు, ఒక్కసారికే టక్కుమంది.

కట్ట ఎక్కారు. ఎడమవైపు చెరువు నిండుగా ఉంది. తను కాపురానికి వచ్చాక అంజనమ్మ ఆ చెరువులో నీళ్లు చూసింది ఈ మధ్యనే. అందరూ సంతోషపడ్డ నీళ్లు. ఆమెకు మాత్రం అవి చక్రానికీ తనకూ మూరెడు దూరంలో, ఎంత లోతో తెలియకుండా ఉన్నాయి. తలుపు పిడి పట్టుకుంది. జాగ్రత్త అనే మాట గొంతుదాకా వచ్చింది. మింగేసింది. దాని బదులు ఇంకో మాట వచ్చింది.

"ఆ పొద్దు తాళాలు తీసుకోమని నేననకుండా ఉండాల్సింది. నీకు దెబ్బ తగలకూడదని నా ఆత్రం. అంతేగానీ నీకు చేతకాదని కాదు."

లహరి గేరు మార్చింది. బండి సాగింది.

"రేపు నేనూ వస్తానే. లోపలికి రానీరని తెలుసు. గేటు బయట ఉంటా. ఏమీ మాట్లాడను. నువ్వు నన్ను చూడను గూడా చూడొద్దు. రావద్దంటే రాను."

కట్ట మలుపు తిరిగింది. ముందర గొర్రెల మంద నీళ్లు తాగి ఎదురొస్తూ దారి నిండా పరుచుకుంది. అంజనమ్మ కాళ్లు వాటంతటవే నేలను తన్నిపెట్టాయి. బండి నిదానించి, నిదానించి, మందకు ఇంకా చాలా దూరం ఉండగానే మెత్తగా ఆగింది. లహరి హ్యాండ్‌బ్రేకు లాగి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

గొర్రెలు ఒకదాని వెనక ఒకటి బండిని రాసుకుంటూ పోతున్నాయి. కాపరి కర్రను భుజాల మీద అడ్డంగా వేసుకుని, లోపలున్న ఇద్దరు ఆడవాళ్లను వింతగా చూస్తూ నడుస్తున్నాడు. దుమ్ము లేచింది. లహరి అద్దం పైకెత్తింది. మంద సగం పోయింది. అంజనమ్మ ఇక అడగదలుచుకోలేదు. ఒడిలో చేతులు పెట్టుకుని, ఆఖరి గొర్రె దాటేదాకా అలాగే చూస్తూ కూర్చుంది. దారి ఖాళీ అయింది. బండి మాత్రం కదల్లేదు.

"గేటు బయట నీడ ఉండదు మా," అంది లహరి, ముందుకే చూస్తూ. "గొడుగు తెచ్చుకో."